మఫ్లరమ్మ జోడు

మఫ్లరమ్మకి ఎక్కడో ఒక మగమనిషి ఉన్నాడని వీధి వీధంతా చెప్పుకునేది.

ఉన్నాడని చెప్పి ఊరుకుంటే అది వీధి ఎందుకవుతుంది? అతను ఓడలో పని చేస్తాడని ఒకరన్నారు. ఓడ కాదు, రైలు పట్టాల వెంట నడుస్తూ బోల్టులు బిగించే పని, నడిచీ నడిచీ పాదాలు చాపల్లా అయిపోయాయి అని ఇంకొకరన్నారు. ఆ పాదాలకి ఏ దుకాణంలోనూ సాక్సులు దొరకవట. అందుకని ఈవిడే అల్లి పంపుతుందట. అతనికి మహా కోపమట. ఇలా ఒక 'అట' మీద ఇంకో 'అట' పేర్చుకుంటూ పోయేసరికి, ఎవరూ చూడని ఆ మనిషికి మీసాలొచ్చాయి, కోపమొచ్చింది, పడవల్లాంటి పాదాలొచ్చాయి. పేరొక్కటే రాలేదు. పేరు లేకుండా మాట్లాడుకోవడం కష్టం కనక అందరూ అతన్ని 'జోడు' అనేవారు. మఫ్లరమ్మ జోడు.

ఈ పుకారుకి సాక్ష్యం ఎవరి మెడలో వాళ్ళకే వేలాడుతూ ఉండేది. ఆ వీధిలో చలికాలం వచ్చిందంటే పోస్టుమాన్ మొదలు లెక్కల మాస్టారు దాకా అందరూ చారల మఫ్లర్లలో తిరిగేవారు. అన్నీ ఆవిడ అల్లినవే. పసుపు పక్కన చిలకాకుపచ్చ, దాని పక్కన ఇటుక రంగు, ఆ పైన వంకాయ రంగు. ఒక చార బెత్తెడు ఉంటే పక్కది వేలెడు, దాని పక్కది వచ్చిందో లేదో తెలియనంత. ఇంతే కావాలని లేదు, ఇదే రావాలని లేదు. అల్లడం అయిపోగానే ఆ మఫ్లరు ఎవరి కంట పడితే వాళ్ళ మెడకి ఆవిడే స్వయంగా చుట్టి, రెండు కొసలూ గట్టిగా లాగి, "వెచ్చగా ఉందా?" అని అడిగేది. ఊపిరాడక తల ఊపిన వాళ్ళందరూ ఉందన్నట్టే లెక్క.

ఆవిడ అద్దెకుండే గది టైలరమ్మ కొట్టు పైన. టైలరమ్మకి ఆ మఫ్లర్లంటే ఒళ్ళు మంట. "కొలత లేదు, కత్తిరింపు లేదు, అంచు లేదు. అదీ ఒక బట్టేనా? ఆ రంగులేంటమ్మా, కళ్ళు మూసుకున్నా కనిపిస్తున్నాయి" అనేది. అంటూనే తనకిచ్చిన మఫ్లరుని చెవుల చుట్టూ రెండు వరసలు తిప్పుకునేది.

పుకారు పుట్టింది ఈ టైలరమ్మ కొట్టు మెట్ల మీదే. ఒక సెలవురోజు మఫ్లరమ్మ అక్కడ ఎండలో కూర్చుని అల్లుతోంది. రెండు పుల్లలు చేతుల్లో ఉన్నాయి, మూడోది పళ్ళ మధ్య ఉంది. అది ఆవిడ అలవాటు. ఎదుటివాళ్ళకి ఆవిడ మాటలెప్పుడూ ఆ పుల్లకి తగిలి వంకరపోయి వినిపించేవి. టైలరమ్మ లోపల మిషను తొక్కుతూనే అడిగింది.

"అది కాదు వదినా, ఇన్ని రంగుల ఊలు నీకెక్కడిది? కొన్నట్టు కూడా కనపడవు."

మఫ్లరమ్మ పుల్ల తియ్యకుండానే ఏదో అంది. టైలరమ్మ మిషను ఆపింది. కాసేపటికి కత్తెర కూడా వదిలేసి, ఎదురింటి గడపలో తేలింది.

"వదినగారూ, విన్నారా? ఆ ఊలంతా 'మా జోడుకి అల్లగా మిగిలింది' అందండీ! 'మా ఆయన' అనలేదు. 'మా జోడు' అంది! ఎంత ముచ్చటగా అందనుకున్నారు! అనేటప్పుడు బుగ్గలు కూడా ఎర్రబడ్డాయి."

ఎదురింటావిడ పప్పులో రాళ్ళు ఏరుతోంది. ఏరడం ఆపి లెక్క వేసింది. "మిగిలిందే ఇంతుంటే, అసలు ఎంతుండాలి? సాక్సులే అయ్యుండాలి. ఒక్క మనిషికి అన్నెందుకే? ఆయనేమన్నా జెర్రా?"

"పాదాలు పెద్దవేమో."

"అంతే అయ్యుంటుంది."

అలా ఇద్దరి మధ్య ఆ పాదాలు అక్కడికక్కడే పెరిగి పెద్దవయ్యాయి.

ఆ ఎదురింటావిడకి ఒక తమ్ముడున్నాడు. ఇల్లు అతనిదే. ఇంటి ముందే చిన్న బంకు పెట్టుకుని బూట్లు బాగుచేస్తాడు, ఎవరైనా అడిగితే కొత్తవి కుడతాడు. అందరూ జోళ్ళాయన అంటారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. భర్త పోయాక అక్క వచ్చి తమ్ముడింట్లో ఉంటోంది. గోడ అవతల పప్పు గింజ పడ్డ చప్పుడు కూడా వినగలిగే మనిషి ఆవిడ. తమ్ముడేమో ఎదురుగా నిలబడి అరిచినా వంచిన తల ఎత్తడు.

అతను మనుషుల మొహాలు చూసేవాడు కాదు. బూట్లు చూసేవాడు. ఎడమ మడమ అరిగితే వీడికి పక్కకి వాలే అలవాటుంది, ముందు కొన అరిగితే వీడికి తొందర, తాళ్ళు తెగుతుంటే ఇంట్లో గొడవ. ఎవరన్నా వచ్చి "బాగున్నావా?" అంటే గొంతు గుర్తుపట్టక కిందికి చూసి, "ఓ, మీరా!" అనేవాడు.

అలాంటి మనిషికి మఫ్లరమ్మ పెద్ద చిక్కుముడి అయిపోయింది. ఆవిడ పని చేసేది ఊళ్ళోని యాపిల్ పండ్ల గోదాములో. అక్కడిచ్చిన నల్ల గంబూట్లే, మోకాళ్ళదాకా ఉండేవి, పొద్దస్తమానం తొడుక్కునేది. పనికీ అవే, అంగడికీ అవే. గంబూటుకి కుట్టు లేదు, తాడు లేదు, మడమ అరగదు. మనిషి గురించి ఒక్క ముక్క చెప్పదు. ఊళ్ళో అందరి సంగతీ తెలిసిన జోళ్ళాయనకి ఆవిడ ఒక్కదాని సంగతి తెలియలేదు. బహుశా అందుకే తల ఎత్తి మొహం చూడాల్సి వచ్చింది. చూశాక మళ్ళీ దించడం కష్టమైంది.

ఆవిడ ఎండతోపాటు జరిగే మనిషి. సెలవురోజు పొద్దున టైలరమ్మ మెట్ల మీద ఉండేది, మధ్యాహ్నం పంపు గట్టు మీదికి వచ్చేది, ఎండ వాలే వేళకి జోళ్ళాయన బంకు ముందు బల్ల మీద తేలేది. సాయంకాలం ఎండ ఆ బల్ల మీదే ఆఖరుగా మిగిలేది. అతను తోలుకి బెజ్జాలు వేస్తుంటే ఆవిడ అల్లుకుంటూ కూర్చునేది. మాటలు తక్కువ. "చలిగా ఉంది కదండీ" అని ఆవిడ. "ఉందండీ" అని ఇతను. ఆ రెండు ముక్కల కోసం జోళ్ళాయన వారమంతా ఎదురుచూసేవాడు. ఎండాకాలంలో కూడా చలి ఎప్పుడొస్తుందా అని ఆకాశం వైపు చూసేవాడు.

అతనికీ ఒక మఫ్లరు దక్కింది. కాకపోతే వీధి మొత్తంలో పొట్టిది అదే. పోస్టుమాన్ మఫ్లరు మూడుసార్లు చుట్టుకున్నా సైకిలు చక్రంలో పడేది. జోళ్ళాయనది మాత్రం ముడి వేస్తే కొస కనపడేది కాదు. ఎవరి మఫ్లరు ఎంత పొడుగుంటే ఆవిడకి వాళ్ళంటే అంత అభిమానం అని వీధిలో ఒక లెక్క ఉండేది. ఆ లెక్కన తన స్థానం ఏమిటో జోళ్ళాయనకి బాగా తెలుసు. అయినా ఆ పొట్టి మఫ్లరుని నిద్రలో కూడా విప్పేవాడు కాదు.

పుకారు పుట్టకముందు అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆవిడని అడిగేయాలి. ఎలా అడగాలో తెలియక బూట్ల మీద సాధన చేశాడు. ఎడమ బూటు తనన్నట్టు, కుడి బూటు ఆవిడన్నట్టు పక్కపక్కన పెట్టుకుని, "మీరూ ఒక్కరే, నేనూ ఒక్కణ్ణే" అని మొదలుపెట్టేవాడు. ఒకరోజు వెనకనుంచి అక్క గొంతు వినపడింది.

"కుడి బూటు ఏమందిరా?"

జోళ్ళాయన ఉలిక్కిపడి చేతిలోని తోలు కుట్టే ఆరెని వేలికి గుచ్చుకున్నాడు. "ఆలోచించుకుంటానంది."

"అది పోస్టుమాను బూటు. నువ్వెంతసేపు అడిగినా ఒప్పుకోదు. ఆవిణ్ణి అడుగు."

రేపు అడుగుతానన్నాడు. ఆ రేపు రాకముందే టైలరమ్మ గడప తొక్కింది, వెంట జోడుని తీసుకొచ్చింది.

జోళ్ళాయన ఆరె పక్కన పెట్టేశాడు. ఆవిడకి ఒకడున్నాడని తెలిశాక తను అడగడం ఏం మర్యాద? అయితే, ఆ ఉన్నవాడు ఎవడు? ఎక్కడో ఉంటే సరే, ఈ ఊళ్ళోనే ఉండి నాటకాలాడుతుంటే? అడిగి తెలుసుకునే ధైర్యం అతనికి లేదు. కానీ కాళ్ళు చూడటం అతని వృత్తి. చేత్తో అల్లిన సాక్సులు, ఈ మఫ్లర్లలో ఉన్న రంగులు, ఎవడి కాళ్ళకి ఉంటే వాడే జోడు!

మర్నాటినుంచి బంకు దగ్గర ఒక కొత్త పద్ధతి వచ్చింది. బూటు తాడు తెగిందని వచ్చినవాడి చేత కూడా రెండు బూట్లూ విప్పించేవాడు. పోస్టుమాన్ విప్పాడు. రెండూ గోధుమరంగు, కొట్టులో కొన్నవి. లెక్కల మాస్టారు విప్పనని మొండికేశారు. జోళ్ళాయన అనుమానం గట్టిపడింది. "మేకు దిగింది మాస్టారూ, లోపల చూడాలి" అని బలవంతాన లాగేశాడు. ఒక కాలికి నలుపు, ఒక కాలికి నీలం, నీలందానిలోంచి బొటనవేలు బయటికొచ్చి అందరినీ పలకరిస్తోంది.

"చాలా? చూశావా?" అన్నారు మాస్టారు, మొహం కందగడ్డలా చేసుకుని.

"మేకు లేదండీ."

"లేదని నాకు ముందే తెలుసయ్యా!"

ఇక మిగిలినవాడు టీకొట్టాయన. ఇతని మీద జోళ్ళాయనకి మొదట్నుంచీ కన్నుంది. ఎందుకంటే ఇతనికి రెండు మఫ్లర్లు ఉన్నాయి. ఒకటి మెడకి, ఒకటి టీ పాత్రకి.

"బాబాయ్, ఆ బూటొకసారి విప్పు. మడమ అరిగింది."

"అరగలేదు."

"నడక చూస్తే తెలుస్తోంది."

"నేను నిలబడే ఉన్నాను కదయ్యా!"

"నిలబడటంలోనే తెలుస్తోంది."

టీకొట్టాయన గరిట పక్కన పెట్టి, అరికాలి మంట నెత్తికెక్కినట్టు చూసి, రెండు బూట్లూ ఊడదీసి బల్ల మీద విసిరాడు. లోపల సాక్సులే లేవు. మడత పెట్టిన పాత కాగితాలున్నాయి.

"సాక్సులేవి బాబాయ్?"

"మా ఇంట్లో ఉన్న ఒక్క జతా మీ పిన్నికే చాలదు. ఆడవాళ్ళ కాళ్ళు ముందు చల్లబడతాయి. తెలీదా నీకు? సరే గానీ, నీకీ పిచ్చేంటి? ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకుని తిరుగుతున్నావు?"

ఆడవాళ్ళ కాళ్ళ మాట జోళ్ళాయన చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. టీకొట్టాయన కాదని తేలిన సంతోషంలో ఒక టీ ఎక్కువ తాగాడు, అంతే.

ఇంత వెతికినవాడు ఒక్క మనిషి కాళ్ళు మాత్రం చూడలేదు. మఫ్లరమ్మ ఎదురుగా కూర్చున్నప్పుడు అతను చూపుని బలవంతాన ఆవిడ మొహం దగ్గరే ఆపుకునేవాడు. ఊరందరి కాళ్ళూ చూసే వృత్తి కదా, ఆవిడ కాళ్ళు చూస్తే ఆవిడ ఏమనుకుంటుందో అని భయం. ఇష్టమైన మనిషి కాళ్ళ వైపు చూడకపోవడమే మర్యాద అని తనకి తానే ఒక నియమం పెట్టుకున్నాడు.

జోడు వీధిలో లేడని తేలాక అతను ఎక్కడో దూరంగా ఉన్నట్టే లెక్క. అంటే పుకారు నిజమే. జోళ్ళాయన ఆ సంగతి మింగుడుపడేదాకా రెండు పూటలు అన్నం సగంలో వదిలేశాడు. అక్క చూసి, "ఆ కుడి బూటుని నాకిస్తే నేనే అడుగుతాను గదరా" అంది.

అప్పుడు ఇంకో కబురొచ్చింది. ఈసారి టైలరమ్మ గడప దిగకుండానే, ఇటునుంచి అటు అరిచింది.

"వదినగారూ! మఫ్లరమ్మ గది ఖాళీ చేస్తోందండీ! గోదాముని ఊరి బయటికి మారుస్తున్నారట. నెలాఖరుకి అక్కడే ఏదో గది చూసుకుంటుందట."

"గోదాము మారితే బస్సెక్కి వెళ్ళచ్చుగా?"

"అదే కదండీ నేననేది! గోదాము వంక. జోడు దగ్గరికే పోతోంది. లేకపోతే నా గదికేం తక్కువని? కిటికీ ఉంది, మెట్లున్నాయి, కింద నేనున్నాను."

"నువ్వున్నావనే పోతోందేమో" అంది ఎదురింటావిడ. కానీ పప్పు ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. తిరిగి తమ్ముడి వైపు చూసింది.

జోళ్ళాయన చేతిలో ఉన్న బూటుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అది ఎవరిదో కూడా అతనికి గుర్తు రావడం లేదు. ఇక సాయంకాలం ఎండ బల్ల మీద పడుతుంది, బల్ల ఖాళీగా ఉంటుంది. చలిగా ఉంది కదండీ అనేవాళ్ళుండరు. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగడానికి లేదు. కానీ ఇంకొకళ్ళ మనిషిని ఏమని అడగడం?

మర్యాదస్తుడు కనక ఒక మర్యాదైన పిచ్చిపని ఆలోచించాడు. వెళ్ళేటప్పుడు ఆవిడకి ఏదైనా ఇవ్వాలి. ఆవిడకి నేరుగా ఇస్తే బాగుండదు. ఆవిడ జోడుకి ఇస్తే? అంటే ఆ మనిషికి ఒక మంచి బూట్ల జత కుట్టి ఇస్తే, తన మనసులో ఏమీ లేదన్నట్టూ ఉంటుంది, ఉన్నదంతా కుట్టుల్లో పెట్టినట్టూ ఉంటుంది. దాచుకున్న మెత్తటి తోలు బయటికి తీశాడు. కొలత? కొలత వీధి అంతా చెప్తూనే ఉంది. పడవల్లాంటి పాదాలు. తన దగ్గరున్న అన్నిటికంటే పెద్ద కొయ్య అచ్చు తీసి, అది కూడా చాలదేమోనని మీద ఇంకో పొర తోలు చుట్టి మరీ మొదలుపెట్టాడు.

అక్క తొంగి చూసింది. "ఎవరికిరా అవి? ఏనుక్కా?"

"జోడుకి."

అక్క నుదురు కొట్టుకుంది. "ఓరి నా తమ్ముడా! పోటీకొచ్చినవాడికి బూట్లు కుట్టే మొగాణ్ణి నిన్నే చూశాను."

అయినా ఆపలేదు. బూట్లు పూర్తయ్యాయి. అతని జీవితంలో అంత బాగా కుట్టింది లేదు. ఒకదానిలో పిల్లి పడుకుంటే బయటికి తోకొక్కటే కనిపించింది.

నెలాఖరు ముందు సెలవురోజు ఎండ బల్ల మీదికి వచ్చింది. ఎండ వెనకే మఫ్లరమ్మ వచ్చి కూర్చుంది. ఆ రోజు చేతిలో అల్లిక లేదు. ఊలు సంచీ అప్పటికే మూట కట్టేసింది. నోట్లో పుల్ల లేకపోయేసరికి ఆవిడ మొహం కొత్తగా, ఏదో తప్పిపోయినట్టుగా ఉంది. ఇంటి తలుపు ఓరగా తెరుచుకుంది. తలుపు వెనక అక్క ఉంది. ఎదురుగా తన కొట్లో టైలరమ్మ, ఏ గుడ్డా పెట్టకుండానే మిషను తొక్కుతోంది.

"వెళ్ళొస్తానండీ" అంది మఫ్లరమ్మ. "ఇక్కడ ఎండ బాగుండేది."

జోళ్ళాయన సాధన చేసిన మాటలన్నీ పక్కన పెట్టేశాడు. గబగబా గుడ్డ మూట విప్పి బూట్లు ఆవిడ ముందు పెట్టాడు. పెట్టి, ఆవిడ మొహం చూడలేక, ఎండకేసి చూస్తూ అన్నాడు.

"మీ జోడుకి సరిపోతాయో లేదో. కొలత లేకుండా కుట్టాను."

మఫ్లరమ్మ బూట్ల వైపు చూసింది. ఒకటి చేతిలోకి తీసుకుంది. లోపలికి చెయ్యి పెట్టింది, మోచేతి దాకా పోయింది. కళ్ళు పెద్దవి చేసింది.

"మేజోడుకి సరిపోవాలనా? మేజోళ్ళని కూడా లెక్కలో వేసి కుట్టారా! అయ్యో, నాకు ఇప్పటిదాకా ఎవరూ అలా కుట్టలేదండీ. మేజోళ్ళు వేసుకుంటే ఏ బూటూ పట్టదు, అందుకే ఈ గంబూట్లతో వేళ్ళాడుతున్నాను. ఉండండి, చూద్దాం."

అంటూ బల్ల మీద వెనక్కి జరిగి ఒక గంబూటు పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. ప్లప్‌మని వచ్చింది.

టైలరమ్మ మిషను ఆగిపోయింది.

లోపల మఫ్లరమ్మ కాలికి చిలకాకుపచ్చ మేజోడు ఉంది. దాని పైన, కాస్త కిందికి జారి, పసుపుది. ఆ రెండూ చిరిగిన చోట లోపలినుంచి ఇటుక రంగుది కనిపిస్తోంది. పోస్టుమాన్ మఫ్లరులోని రంగులు, మాస్టారి మఫ్లరులోని రంగులు, టీ పాత్ర మఫ్లరులోని రంగులు, వీధి వీధంతా ఆ ఒక్క కాలి మీదే ఉంది. ఆ కాలిని ఆవిడ కొత్త బూటులో పెట్టింది. కొలిచి కుట్టినట్టు పట్టింది.

"అబ్బ!" అంది.

జోళ్ళాయన నియమం మరిచిపోయి ఆ కాలినే చూస్తున్నాడు. "ఏమన్నారు మీరు?"

"అబ్బ అన్నాను."

"అంతకుముందు."

"మేజోడు అన్నాను. ఓ, ఆ మాట ఇప్పుడెవరూ అనరు కదూ? అందరూ సాక్సు అంటారు. మా అమ్మ మేజోడు అనేది, నాకూ అదే అలవాటు." ఆవిడ రెండో గంబూటు లాగుతూ మాట్లాడుతోంది. పుల్ల లేకపోయేసరికి మాటలు వంకరపోకుండా ధారాళంగా వస్తున్నాయి. "గోదాములో పండ్లు చెడకుండా లోపలంతా చల్లగా ఉంచుతారండీ. మాకు కోట్లిస్తారు, టోపీలిస్తారు, ఆ గంబూట్లిస్తారు. అన్నీ మగవాళ్ళ సైజులే. పొద్దున్నుంచీ ఆ నేల మీద నిలబడితే కాళ్ళు ఉన్నాయో లేవో తెలీదు. మూడేసి మేజోళ్ళు తొడిగితే చలీ ఆగుతుంది, బూటూ ఊడదు. మడమల దగ్గర ఊరికే చిరిగిపోతాయి, మళ్ళీ అల్లాలి. మేజోడు అల్లేటప్పుడు మాట్లాడకూడదండీ, కుట్లు లెక్క తప్పితే మడమ పక్కకి వస్తుంది. అందుకని తలుపేసుకుని అల్లుతాను. ఒక్కో ఉండలో కాస్త కాస్త ఊలు మిగిలిపోతుంది. పారెయ్యబుద్ధి కాదు. మఫ్లరు అయితే లెక్కుండదు, మాట్లాడుకుంటూ అల్లుకోవచ్చు. ఏ రంగు అయిపోతే అక్కడ ఇంకోటి ముడేస్తాను. సంచీ ఖాళీ అయితే మఫ్లరు అయిపోయినట్టు."

ఆగి, అతని మెడ వైపు చూసి, కాస్త సిగ్గుపడింది. "మీది మరీ పొట్టిదైపోయింది. ఆ ఏడు చలెక్కువని మేజోళ్ళు మోకాళ్ళదాకా అల్లేశాను. మిగిలింది అంతే."

జోళ్ళాయన చెయ్యి మఫ్లరు ముడి మీదికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ తనని చిన్నబుచ్చిన ఆ పొట్టి కొస అతనికి ఇప్పుడు ఎంత పొడుగ్గా అనిపించిందో చెప్పలేం.

ఇక అడగాలి. అతను నోరు తెరిచాడు. 'మీరూ ఒక్కరే' అన్నది రాలేదు, 'నేనూ ఒక్కణ్ణే' అన్నదీ రాలేదు. తీరా వచ్చింది ఇది:

"అక్కడ మీరు చూసుకున్న గదికి... కిటికీలోంచి ఎండ పడుతుందా అండీ?"

"పడదండీ. ఎదురుగా గోదాము గోడ."

"మా ఇంట్లో పడుతుంది. సాయంకాలం దాకా ఉంటుంది. గది లోపలికంటా వస్తుంది."

తలుపు వెనకనుంచి అక్క గొంతు పగిలింది. "ఒరేయ్! అడగాల్సింది ఎండ గురించి కాదురా!"

మఫ్లరమ్మ తలుపు వైపు చూసింది, బూట్ల వైపు చూసింది, కాళ్ళు రెండూ ముందుకి చాపి ఎండలో పెట్టింది.

"ఫరవాలేదు లెండి వదినగారూ" అంది. "ముందు ఎండ గురించే అడగనివ్వండి. మిగతావి ఆయన తీరుబడిగా అడుగుతారు. గోదాముకి బస్సుందిగా."

జోళ్ళాయన మిగతావి అడగడానికి మరికొన్నాళ్ళు పట్టింది. ఈసారి ఎడమ బూటూ కుడి బూటూ రెండూ ఆవిడవే కావడంతో సాధన అక్కర్లేకపోయింది. మూట కట్టిన ఊలు సంచీ మెట్లు దిగి, వీధి దాటి, ఎదురింట్లో కిటికీ పక్కన విప్పుకుంది. గది ఖాళీ అయిందని టైలరమ్మ రెండు రోజులు ముక్కు చీదింది. మూడో రోజు తేరుకుని వీధిలో పడింది.

"నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నానా లేదా? ఆవిడకి జోడున్నాడని చెప్పానా లేదా? పాదాల మనిషని కూడా చెప్పాను. పాదాల మనిషి కాకపోతే జోళ్ళాయన ఎవరు?"

టీకొట్టాయన, "ఓడ అన్నావు, పట్టాలన్నావు" అని గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. పుకారు నిజమైందని వీధి వీధంతా ఒప్పుకుంది. ఇప్పటికీ అలాగే చెప్పుకుంటారు: మఫ్లరమ్మకి పెద్ద పాదాల జోడు ఉండేవాడనీ, అతని కోసమే ఆ సాక్సులన్నీ అల్లేదనీ, ఆ జోడు మన జోళ్ళాయనేననీ.

జోళ్ళాయన పాదాలు చాలా చిన్నవి. ఆ మేజోళ్ళలో ఒక్కటి కూడా అతనికి పట్టదు. అవన్నీ ఆవిడవే. ఆవిడ కాళ్ళు చల్లబడేవి.